ముసలి కుక్కకు ఇంటి దగ్గరే సేవ – 4వ పాఠం: లేవలేని కుక్కకు పక్క, పొర్లించడం, ఒంటి శుభ్రం

మూడో పాఠంలో నొప్పి గుర్తులు, నిద్రలో ఊపిరి లెక్క నేర్చుకున్నాం. ఈ పాఠం తనంతట తాను లేవలేని కుక్క గురించి. వెనక కాళ్లు పడిపోయినా, గుండె జబ్బుతోనో కాన్సర్‌తోనో సత్తువ పోయి మంచాన పడినా చెయ్యాల్సిన పని ఒకటే.

ఈ దశకు రాగానే ఇంట్లో అందరి దిగులూ తిండి మీదే ఉంటుంది. ఎంత తింది, ఎందుకు తినలేదు అని అడుగుతూ ఉంటారు. పడుకున్న కుక్కను మొదట బాధపెట్టేది మాత్రం ఆకలి కాదు, దాని సొంత బరువు. ఆ తర్వాత కింద నిలిచిపోయిన మూత్రం, దాని మీద వాలే ఈగ. చర్మం చెడిందంటే ఎంత మంచి మందు ఇచ్చినా మిగిలిన రోజులు నరకంలా గడుస్తాయి. అందుకే ఈ పాఠమంతా చర్మం గురించే. తిండి గురించి తర్వాతి పాఠంలో వివరంగా చూద్దాం.

ముందు కారణం తేల్చుకోండి

లేవలేకపోవడానికి వయసే కారణమని ఇంట్లోనే తీర్మానించుకోవద్దు. ఉన్నట్టుండి తల ఒక పక్కకు వాలిపోయి, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటూ, నిలబడబోయి ఒకే వైపుకి పడిపోతుంటే చాలామంది పక్షవాతం అనుకుంటారు. ముసలి కుక్కల్లో ఇది చాలాసార్లు లోపలి చెవి దగ్గర సమతూకం చెడటం వల్ల వస్తుంది. మూడు రోజుల్లో నెమ్మదించడం మొదలై, రెండు మూడు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. అన్నాళ్లూ ఈ పాఠంలో చెప్పే సేవ చేస్తే చాలు, కుక్క మళ్లీ నడుస్తుంది. పిడుదుల జ్వరంలో చిగుళ్లు పాలిపోతాయి, ముక్కు వెంట రక్తం రావచ్చు, కుక్క నీరసించి పడిపోతుంది. రక్తపరీక్షలో బయటపడితే మందుకు లొంగుతుంది. గర్భసంచి తీయించని ఆడకుక్క ఎదకు వచ్చిన నెలా రెండు నెలల్లో నీళ్లు విపరీతంగా తాగి కూలబడిందంటే గర్భసంచిలో చీము పట్టిందేమో చూపించాలి.

కనుక ఒక్కసారైనా డాక్టరు చెయ్యి పడాలి. కదల్చలేని కుక్కైతే 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని అడగండి. విజయనగరం వైపు వాళ్లకు గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. శ్రీకాకుళం వైపు వాళ్లు ముందు మండల పశువైద్యశాలలో చూపించుకుని, పెద్ద పరీక్షలకు ఎక్కడికి వెళ్లాలో అక్కడే రాయించుకోవడం మంచిది. వేసవి మధ్యాహ్నం ఆటోలో తిప్పితే ముసలి ప్రాణం తట్టుకోలేదు. తెల్లవారుజామునే బయల్దేరండి.

ఇంకొక్క హెచ్చరిక. రేబిస్ టీకా గడువు దాటిన కుక్క గొంతు మారిపోయి, దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, నీళ్లు మింగలేకపోతుంటే గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యి పెట్టొద్దు. రేబిస్ ఇలా కూడా వస్తుంది. చొంగ తగిలిన చోటును 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పోసిన నీళ్లతో కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోవాలి. అలాంటి కుక్కకు ఈ పాఠం వర్తించదు.

పక్క

పరుపుల దుకాణంలో 4 అంగుళాల మందం ఉన్న గట్టి ఫోమ్ అడగండి. ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి, రెండు కొసలా జానెడు చొప్పున కలిపి కోయించండి. దూది పరుపు వద్దు. మూత్రం పీల్చుకుంటే వానాకాలంలో ఆరదు, ఎముకల కింద కొద్దిరోజుల్లోనే గుంటలు పడతాయి.

ఫోమ్ సరిపోయిందో లేదో చేత్తో తెలుస్తుంది. కుక్కను పడుకోబెట్టి, తుంటి ఎముక ఉన్నచోట ఫోమ్ అడుగుకి అరచెయ్యి పైకి తిప్పి దూర్చండి. ఎముక అరచేతికి గట్టిగా తగిలితే ఫోమ్ పలచన అయినట్టే, ఇంకో పొర వెయ్యాలి. కనీసం అంగుళం మందం నొక్కుకుపోకుండా మిగలాలి. లాబ్రడార్ లాంటి 30 కిలోల కుక్కకు 4 అంగుళాలు ఒక్కోసారి చాలవు. బక్కచిక్కిన నాటు కుక్కకు బరువు తక్కువైనా ఎముక మీద మాంసం ఉండదు కాబట్టి దానికీ ఈ పరీక్ష తప్పనిసరి.

ఫోమ్‌కు రెక్సిన్ గానీ మందపాటి టార్పాలిన్ గానీ పూర్తిగా చుట్టి కింద కట్టెయ్యండి. దాని మీద బొంత, బొంత మీద పాత నూలు చీర మడత. ప్లాస్టిక్ నేరుగా ఒంటికి తగలకూడదు. తీరప్రాంతపు ఉక్కలో దాని కింద చెమ్మ నిలిచి చర్మం నానిపోతుంది. మెడికల్ షాపులో మనుషుల కోసం అమ్మే, తడి పీల్చుకునే అండర్‌ప్యాడ్‌ను నడుము కింద మాత్రం వెయ్యండి, ఒళ్లంతా అక్కర్లేదు. చీర ముడతలు చేత్తో సాపు చెయ్యడం ప్రతిసారీ గుర్తుంచుకోండి. ముడత మీద నాలుగు గంటలు పడుకుంటే అక్కడ ఎర్రటి గీత పడుతుంది, పుండు అక్కడి నుంచే మొదలవుతుంది.

నులక మంచం మీద వెయ్యొద్దు, తాళ్లు మోచేతులను ఒరుసుకుపోతాయి. కాళ్లు పొట్టిగా ఉండి, నవారు బిగుతుగా అల్లిన మంచమైతే పర్వాలేదు. గాలి ఆడుతుంది, తడి నిలవదు. కానీ దొర్లి పడకుండా రెండు పక్కలా దిండ్లు కట్టాలి. గోనె సంచి పడకకు పనికిరాదు, గరుకు. అది పనికొచ్చేది వేరే చోట: ఇంకా కాస్త నిలబడగలిగే కుక్కకు టైల్స్ నేల మీద కాళ్లు జారిపోతుంటాయి, పక్క నుంచి నీళ్ల గిన్నె దాకా, గుమ్మం దాకా గోనె సంచులు పరిచి అంచులకు టేపు అంటిస్తే పట్టు దొరుకుతుంది.

పక్క ఎక్కడ వెయ్యాలన్నది కూడా ముఖ్యమే. పెరటి పాకలోకి తోసెయ్యకండి. ఈగలు అక్కడే ఎక్కువ, పైగా ఇంట్లో వాళ్ల అలికిడి వినపడని కుక్క రాత్రంతా అరుస్తుంది. ఆ అరుపును నొప్పి అనుకుని మందు పెంచేస్తుంటారు. కుక్కను లోపలికి రానివ్వని ఇల్లైతే వసారాలో గోడ వారగా వెయ్యండి. పక్క మీద దోమతెర కట్టండి, రాత్రే కాదు పగలు కూడా. ఈగను ఆపేది అదే. ఈ పాఠంలో చెప్పిన వస్తువుల్లో ఒక్కటే కొనగలిగితే దోమతెరే కొనండి.

ఏప్రిల్, మే నెలల్లో శ్లాబు ఇంట్లో పై అంతస్తు వద్దు. పక్క గాలి ఆడే చోట ఉండాలి, కానీ ఫ్యాను నేరుగా ముఖానికి కొట్టకూడదు, కళ్లు ఎండిపోతాయి. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటుంది. మలద్వారంలో పెట్టి చూసే థర్మామీటరు కొనక తప్పదు, ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది లెక్కలోకి రాదు. 104 దాటితే కడుపు, తొడల సందులు, పాదాలు మామూలు నీళ్లతో తడిపి ఫ్యాను వేసి డాక్టరుకు ఫోన్ చెయ్యండి. ఐసు నీళ్లు పొయ్యొద్దు. తడి దుప్పటి కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది.

పొర్లించడం

ఒకే పక్కన పడి ఉంటే కింది ఊపిరితిత్తి సరిగా విచ్చుకోదు, ఎముకల మీది చర్మానికి రక్తం అందదు. అందుకే నాలుగు గంటలకు ఒకసారి వైపు మార్చాలి. ఎముకలు తేలిన కుక్కకు, ఇప్పటికే ఎర్రటి మచ్చ పడిన కుక్కకు రెండు గంటలకు ఒకసారి. రాత్రి పదికి ఒకసారి, రెండింటికి ఒకసారి, తెల్లవారి ఆరింటికి ఒకసారి అని ఇంట్లో వంతులు వేసుకోండి. ఒక్కరి మీదే పడితే వారం తిరిగేసరికి వాళ్లకు నడుం నొప్పి వస్తుంది, వైపు మార్చడం ఆగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ల చేత బరువు ఎత్తించకండి. వాళ్లు పగలంతా దోమతెర సరిచూడటం, నోరు తుడవడం, పుస్తకంలో రాయడం చేస్తే అది పెద్ద సాయం.

పొర్లించేటప్పుడు కాళ్లు నాలుగూ పట్టుకుని వెల్లకిలా తిప్పేస్తారు, ఎక్కువ ఇళ్లలో జరిగే తప్పు ఇదే. వెన్ను మెలికపడి నొప్పి పుడుతుంది, రొమ్ము లోతుగా ఉండే పెద్ద జాతుల్లో కడుపు తిరగబడే ప్రమాదం కూడా ఉంటుంది. సరైన పద్ధతి రొమ్ము మీదుగా తిప్పడం. కుక్క వెన్ను వైపు మోకాళ్ల మీద కూర్చోండి. ఒక చెయ్యి భుజం కింద, ఇంకో చెయ్యి తుంటి కింద పెట్టి, రెండూ ఒకేసారి కదిలేలా లేపి కుక్కను బోర్లా కూర్చోబెట్టండి. ముందు కాళ్లు ముందుకి, వెనక కాళ్లు ఒంటి కిందికి మడిచి సర్దండి. అక్కడ ఒక నిమిషం ఆగండి. తల తిరిగినట్టుంటే సర్దుకుంటుంది, నీళ్లు తాగించడానికి కూడా అదే అదను. ఆ తర్వాత నెమ్మదిగా అవతలి పక్కకు వాల్చండి. 20 కిలోలు దాటిన కుక్కకు ఇద్దరు ఉండాలి. ఒకరు భుజం, ఒకరు తుంటి పట్టుకుని, కదిలించే ముందు ఒకరికొకరు చెప్పుకోవాలి. వెన్నుపూస దెబ్బతిందని డాక్టరు చెప్పిన కుక్కనైతే దుప్పటితో సహా, నలుగురు నాలుగు కొసలు పట్టుకుని మార్చాలి.

కుడి పక్క, బోర్లా, ఎడమ పక్క, బోర్లా, ఇదీ వరస. బోర్లా ఉన్నప్పుడు దొర్లిపోకుండా రెండు తువ్వాళ్లు గట్టిగా చుట్టి పక్కటెముకలకు ఆనించండి. పక్కకు పడుకున్నప్పుడు పై కాలికీ కింది కాలికీ మధ్య పలచటి దిండు పెట్టండి. అది లేకపోతే లోపలి మోకాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఊపిరి ఆయాసంగా ఉన్న కుక్క పక్కకు వాలనని మొరాయిస్తే బలవంతం చెయ్యొద్దు. దానికి బోర్లా ఉంటేనే గాలి అందుతోంది. ఆ సంగతి డాక్టరుకు తెలియాలి.

ముట్టుకుంటే మూలిగే కుక్కకు మందు వేళ చూసి పని పెట్టుకోండి. డాక్టరు నొప్పికి గాబాపెంటిన్ రాసి ఉంటే, వేసిన గంటా రెండు గంటల తర్వాత స్నానం, డ్రెస్సింగు లాంటివి చెయ్యండి. మెలాక్సికామ్ అనే నొప్పి మందు ఇస్తుంటే తిండితోనే ఇవ్వాలి. మలం నల్లగా జిగటగా వచ్చినా, వాంతి అయినా అది ఆపి ఫోన్ చెయ్యాలి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు ముట్టుకోవద్దు. పిల్లికి ఒక్క పారాసెటమాల్ మాత్ర ప్రాణం తీస్తుంది. డైక్లోఫెనాక్ వల్ల కుక్క కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. రాబందులు చనిపోతున్నాయని 2006లోనే పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశంలో నిషేధించారు కూడా.

వైపు మార్చినప్పుడల్లా కాళ్లు కాస్త ఆడించండి. పాదం, మడమ, మోకాలు, తుంటి, ఒక్కో కీలునూ 10 సార్లు నెమ్మదిగా ముడిచి చాపాలి. ఎంత వంగితే అంతే వంచండి, చివరిదాకా లాగొద్దు. కుక్క తల తిప్పి మీ చేతి వైపు చూసిందంటే అక్కడ ఆపమని అర్థం.

మూత్రం, మలం

కుక్క కిలోకు గంటకు సుమారు 1 నుంచి 2 మిల్లీలీటర్ల మూత్రం పోస్తుంది. 15 కిలోల కుక్కకు రోజుకు 360 నుంచి 720 మిల్లీలీటర్లు అన్నమాట. పక్క మీదే పోసే కుక్కకు ఇది కొలవడం కష్టమేమీ కాదు. పొడి అండర్‌ప్యాడ్‌ను వంటింటి కాటా మీద తూచి బరువు రాసుకోండి, తడిసినదాన్ని మళ్లీ తూచండి. తేడా ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. 12 గంటలు ఏమీ రాకపోతే డాక్టరుకు చెప్పండి, 24 గంటలు దాటితే అది అత్యవసరం. మగపిల్లి మూత్రానికి ముక్కుతూ చుక్కలు రాలుస్తుంటే అన్ని గంటలు కూడా ఆగకూడదు.

ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటుంది. వెనక భాగం పడిపోయిన కుక్కకు మూత్రం ఎప్పుడూ చుక్కచుక్కగా కారుతూ ఉంటుంది. వస్తూనే ఉంది కదా అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. నిజానికి మూత్రాశయం నిండిపోయి, పట్టలేక పొర్లుతున్నది అది. పొత్తికడుపు మీద రెండు వైపులా అరచేతులు పెట్టి చూస్తే గట్టి బంతి తగులుతుంది. అలా నిలవున్న మూత్రం కుళ్లి, జ్వరం, నొప్పి. దాన్ని చేత్తో నొక్కి ఖాళీ చేసే పద్ధతి ఉంది, కానీ డాక్టరు మీ చెయ్యి పట్టుకుని చూపించాకే చెయ్యాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో. దారి మూసుకుపోయిన కుక్కకు నొక్కితే మూత్రాశయం చిట్లుతుంది. మగకుక్కకు ఈ పని ఇంకా కష్టం.

ఒంటికి అంటిన మూత్రాన్ని వెంటనే గోరువెచ్చటి నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి, రుద్దొద్దు. తోక కింద, తొడల లోపల, మగకుక్కకైతే పొత్తికడుపు మీద వెంట్రుకలు పొట్టిగా కత్తిరించండి. చర్మానికి ఆనించి దువ్వెన పెట్టి, దువ్వెన పైకి వచ్చిన వెంట్రుకనే కత్తెరతో తియ్యాలి. అప్పుడు చర్మం తెగదు. ఆరాక పెట్రోలియం జెల్లీ గానీ కొబ్బరినూనె గానీ పలచగా, కనీకనపడనంత రాయండి. మందంగా రాస్తే దానికే మలం, మట్టి అంటుకుంటాయి. పసిపిల్లల ఒరుపుకు రాసే జింక్ ఆక్సైడ్ క్రీములు వద్దు, నాకితే జింక్ కడుపులోకి పోతుంది. డెట్టాల్, ఫినాయిల్ ఒంటి మీద పడకూడదు. నేల ఫినాయిల్‌తో తుడిస్తే ఆరాకే పక్క వెయ్యండి. ఇంట్లో పిల్లి ఉంటే అసలు ఆ సీసానే వద్దు.

మలం రెండు రోజులు రాకపోతే తోక కింద చూడండి. ముసలి కుక్కకు అక్కడ వెంట్రుకలు మలంతో కలిసి గట్టి మూతలా బిగుసుకుపోతాయి. గోరువెచ్చటి నీళ్లతో నానబెట్టి కత్తిరిస్తే చాలు, మందు అక్కర్లేదు.

పుండ్లు, ఈగలు

రోజుకు రెండుసార్లు, ఉదయం వెలుతురులో, సాయంత్రం టార్చితో ఒళ్లంతా చూడండి. మోచేతులు, భుజం, తుంటి, మడమ బయటి వైపు, దవడ ఎముక. ఎర్రగా కనిపించిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే రక్తం ఆడుతోంది. ఎర్రగానే ఉండిపోతే పుండు మొదలైనట్టే, పూర్తిగా తగ్గేదాకా ఆ పక్కన పడుకోబెట్టొద్దు. నల్ల చర్మమున్న కుక్కల్లో ఎరుపు కనపడదు. అక్కడ వేడిగా ఉందా, గట్టిపడిందా, వెంట్రుక లాగితే ఊడి వస్తోందా అని వేళ్లతోనే తెలుసుకోవాలి.

చర్మం విచ్చిందంటే కడగడానికి ఉప్పు నీళ్లు చాలు. లీటరు నీళ్లు కాచి చల్లార్చి, 9 గ్రాముల ఉప్పు, అంటే గీసిన ఒకటిన్నర టీస్పూన్లు కలపండి. ఏ రోజు నీళ్లు ఆ రోజే. డాక్టరు బీటాడిన్ చెప్పి ఉంటే 10 శాతం ద్రావణాన్ని నేరుగా పొయ్యొద్దు, ఒక వంతుకు 50 వంతుల నీళ్లు కలపండి. చిక్కగా పోస్తే మానుతున్న కండను కూడా చంపుతుంది. పసుపు, సున్నం, బొగ్గుపొడి లాంటివి అద్దితే పుండు మీద పెచ్చు కడుతుంది. పైకి ఆరినట్టుంటుంది, లోపల చీము పెరుగుతుంది.

మన వాతావరణంలో అన్నిటికన్నా ఘోరమైనది పురుగు పడటం. జూన్ నుంచి నవంబరు దాకా మరీ ఎక్కువ. తడిసిన వెంట్రుకల మీద, పుండు అంచున, చెవిలో, తోక కింద ఈగ గుడ్లు పెడుతుంది. బొంబాయి రవ్వ అతికించినట్టు తెల్లగా గుత్తిగా ఉంటాయి. ఒక రోజు లోపే పురుగులై లోపలికి తొలుస్తాయి. కనుక ఇవాళ సాయంత్రం చూసిన గుడ్లను రేపు తీద్దామనుకుంటే ఆలస్యమైపోయినట్టే. గుడ్లున్న వెంట్రుకలను మొదలంటా కత్తిరించి, కాగితంలో చుట్టి కాల్చెయ్యండి. పేల దువ్వెనతో మిగిలినవి దువ్వి, కడిగి ఆరబెట్టండి.

పురుగులు పడ్డాయంటే, చిన్న కన్నంలా ఉండి లోపల కదులుతూ, ఒకరకమైన కుళ్లు వాసన వస్తుంది. పైకి కనపడ్డవాటిని చిమటాతో ఏరి, అదే రోజు డాక్టరును పిలవండి. లోపల ఉన్నవాటిని బయటికి రప్పించడానికి డాక్టర్లు టర్పెంటైన్‌లో తడిపిన గాజ్ గుడ్డ వాడతారు, తర్వాత శుభ్రంగా కడుగుతారు. ఎంతసేపు ఉంచాలో, ఎక్కడ పెట్టకూడదో తెలియక ఇంట్లో చేస్తే మంచి చర్మం కూడా కాలిపోతుంది. ఫినాయిల్, కిరసనాయిలు, పెట్రోలు, కలరా ఉండల పొడి, పొలానికి కొట్టే మందు, ఇవేవీ పొయ్యొద్దు. పురుగులు చస్తాయి, విషం పుండులోంచి రక్తంలోకి పోయి కుక్కా చస్తుంది. ఊళ్లో పక్కింటివాళ్లు ప్రేమతోనే చెప్తారు ఈ చిట్కాలు. నమ్రతగా వద్దనండి.

నోరు, నీళ్లు: ఈ వారానికి సరిపడా

కిలోకు రోజుకు 50 మిల్లీలీటర్ల నీళ్లు, తిండిలో ఉన్న తడితో కలిపి. సిరంజితో పట్టేటప్పుడు కుక్కను బోర్లా కూర్చోబెట్టి, తల మామూలు ఎత్తులో ఉంచి, పెదవి మూలన చెంప సంచిలోకి 5 మిల్లీలీటర్లు వదిలి, మింగిందాకా ఆగండి. తల పైకెత్తి గొంతులోకి పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పొలమారిన కుక్కకు రెండు మూడు రోజుల్లో న్యుమోనియా వచ్చి పోవడం అరుదు కాదు. పట్టాక అరగంట బోర్లానే ఉంచండి. మింగలేకపోతుంటే పట్టడం ఆపి, తడి గుడ్డతో చిగుళ్లు, నాలుక తుడుస్తూ ఉండండి.

చోడి (రాగి) అంబలి పలచగా, ఉప్పు లేకుండా పెట్టొచ్చు. చికెన్ ఉడికించిన నీళ్లైతే ఉల్లి, వెల్లుల్లి వెయ్యనివి మాత్రమే. రెండూ కుక్క రక్తకణాలను పగలగొడతాయి.

మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఇళ్లలో క్రియాటినిన్ (ఆ జబ్బును పట్టిచ్చే రక్తపరీక్ష అంకె) అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కానీ మనిషి రిపోర్టు చదివిన కంటితో కుక్క రిపోర్టు చదవొద్దు. పశువైద్యులు వాడే ఐరిస్ పట్టికలో కుక్కకు 1.4 లోపు మొదటి దశ, 2.8 దాకా రెండో దశ, 5 దాకా మూడు, అది దాటితే నాలుగు. మూత్రపిండాల జబ్బున్న కుక్కకు చర్మం కింద సెలైన్ ఎక్కించడం 6వ పాఠంలో ఉంటుంది. అందాకా చూసొచ్చిన పద్ధతి ఎవరూ ప్రయత్నించొద్దు. గుండె జబ్బున్న కుక్కకు అది ప్రాణాంతకం.

పుస్తకం

ఒక గళ్ల నోటు పుస్తకం పక్క దగ్గరే ఉంచండి. ఏ వేళకు ఏ పక్కకు మార్చారు, మూత్రం ఎన్ని గ్రాములు, మలం, నీళ్లు, మందు, నిద్రలో నిమిషానికి ఊపిరి ఎన్ని, ఎరుపు ఎక్కడ ఉంది. ఊపిరి నిద్రలో 30 లోపు ఉండాలి.

రాత్రి పడుకునే ముందు ఏడు అంకెలు వెయ్యండి. ఈ పట్టికను అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ తయారుచేశారు. నొప్పి-ఊపిరి, ఆకలి, నీరు, శుభ్రం, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువా అన్నది. ఒక్కోదానికి 0 నుంచి 10, బాగుంటే 10. మొత్తం 70లో 35 దాటితే సేవ కొనసాగించవచ్చంటారు. మా అభిప్రాయంలో మొత్తం కన్నా మొదటి అంకె పెద్దది. తిండి తింటోంది, తోక ఊపుతోంది, మొత్తం 40 వచ్చింది, కానీ ఊపిరి అందక మెడ చాపి కూర్చుంటోంది అంటే ఆ 40కి విలువ లేదు. నొప్పి-ఊపిరి అంకె రెండు రోజులు వరసగా 4 లోపు ఉంటే మొత్తం ఎంతైనా సరే డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి. అంకెలు వేసేది రోజూ ఒక్కరే అయ్యుండాలి, చేతులు మారితే పోలిక కుదరదు. శుభ్రం అంకె మాత్రం కుక్కది కాదు, మనది. అది 5 కంటే తగ్గితే పక్క, వంతులు, దోమతెర మళ్లీ సరిచూసుకోండి.

వెంటనే ఫోన్ చెయ్యాల్సినవి పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి: చిగుళ్లు నీలంగా లేదా తెల్లగా పాలిపోవడం, విశ్రాంతిలో నిమిషానికి 40 దాటిన ఊపిరి, 5 నిమిషాలు దాటిన మూర్ఛ, పొట్ట బిర్రుగా ఉబ్బి వాంతి రాక ఓకరించడం, ఆగని అరుపు.

తుపాను కాలంలో ఇంకో పేజీ కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపు ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు, దారులు చెట్లతో మూసుకుపోయాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో నొప్పి మందు, అండర్‌ప్యాడ్లు, టార్చి సెల్లులు పది రోజులకు సరిపడా ముందే తెచ్చుకోండి. నొప్పి మందు మధ్యలో ఆగితే మళ్లీ అదుపులోకి రావడానికి చాలా సమయం పడుతుంది.

ఈ వారం అభ్యాసం

కుక్క ఇంకా నడుస్తున్నా సరే ఇప్పుడే చెయ్యండి. అవసరం వచ్చిన రోజున చేతులు వణుకుతాయి. ఫోమ్ కొని అరచేతి పరీక్ష చెయ్యండి. రొమ్ము మీదుగా తిప్పడం ఇద్దరు కలిసి రోజుకొకసారి సాధన చెయ్యండి, కుక్కకూ ఆ స్పర్శ అలవాటవుతుంది. చిగుళ్ల మీద వేలితో నొక్కి వదిలి రంగు ఎంతసేపట్లో వస్తోందో చూడండి, మామూలుగా రెండు సెకన్ల లోపే రావాలి. పొడి అండర్‌ప్యాడ్ బరువు పుస్తకం మొదటి పేజీలో రాయండి.

5వ పాఠంలో తిండి లెక్కకు బరువు కావాలి. చిన్న కుక్కను ఎత్తుకుని కాటా ఎక్కి, తర్వాత మీ బరువు తీసెయ్యండి. ఎత్తలేని కుక్కను దుప్పటితో సహా ఎరువుల కొట్టులోనో రేషన్ డిపోలోనో ఉండే పెద్ద కాటా మీద తూచి, దుప్పటి బరువు తీసేసి, తేదీ వేసి రాసి ఉంచండి.